చెరుపుడని వేడికోలు

శాసనములు చదువుట మాకు చిరకాలపు టలవాటు. మోత్కూరు బడిలో పిల్లలకు పాఠములు చెప్పుచు, సెలవు దినములందు ఆలేరు దారి పట్టి కొలనుపాక చేరి, సోమేశ్వరాలయమునొద్ద మ్యూజియములో నిలిపిన శిలలముందు గంటలకొలది కూర్చుండుట మాకు పండుగ వంటిది. ఎండ ఏటవాలుగా పడువేళకై కాచియుండి, అరిగిన అక్షరము నొక్కొక్కదానిని పోల్చుకొనుటలోని సుఖము అనుభవించినవారికే తెలియును. దానశాసనముల తుదిని శాపవాక్యము లుండుట చదువరులెరిగినదే. ఈ ధర్మమును చెరిపినవాడు నరకమున పడునని వ్రాయించినవాడు బెదరించును. తన వ్రాత చెరిగిపోవునేమో యని ఆ కాలపువారి భయము. మాకొక రాత్రి అందులకు సరిగా విపరీతమైన భయము కలిగినది. మా చేతులార లోకమునకు పంపిన దొకటి చెరిగిపోదేమో యని తెల్లవారుదాక కుమిలితిమి. ఆ సంగతిని సిగ్గు విడిచి వ్రాయుచున్నాము. ఏలయన, ఇట్టిది రేపు మరియొకరి యింట జరుగవచ్చును. బహుశః నేడే జరుగుచుండవచ్చును.

2024 మాఘమాసమున మా గృహిణికి గర్భసంచి తొలగించు శస్త్రచికిత్స జరిగినది. హైదరాబాదునుండి ఇంటికి పంపునపుడు వైద్యురాలు, కుట్లు మానుచున్న తీరును రెండు దినముల కొకసారి ఫొటో తీసి పంపుడని చెప్పెను. మాటిమాటికి నగరమునకు పోవు శ్రమ తప్పినదని సంతోషించితిమి. ఆమెను పడుకొనబెట్టి, కట్టు విప్పి, ఫోనుతో ఫొటో తీసి వైద్యురాలికి పంపుట మా పనియైనది. పొత్తికడుపుమీది గాయమది. అట్టి చిత్రమున మరుగున నుండవలసినవి మరుగున నుండవు. ఒకటి రెండింటిలో ఆమె ముఖముకూడ సగము కనబడుచుండెను. ఆ చిత్రము లన్నియు మా ఫోనులో, కొలనుపాక శిలల ఫొటోలకును, పిల్లల ఉపకారవేతనపు దరఖాస్తులకును నడుమ, తీసిన వరుసనే పడియుండెను. వానిని వేరుచేయవలెనను ఆలోచనయే మాకు తట్టలేదు.

మేము శాసనముల ఫొటోలను పంచుకొను స్థలము మాస్టొడాన్ అనునది. దీనిని యూజెన్ రోచ్కో అను జర్మనీవాసి 2016లో వెలువరించెను. మన దేశమున దీని పేరు ఎక్కువగా వినబడినది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డేగారి ఖాతాను ట్విట్టరువారు నిలిపివేయగా, అందుకు నిరసనగా అనేకులు ఇటు తరలివచ్చిరి. మా పూర్వ విద్యార్థి యొకడు ఆ సందడిలో మమ్మును కూడ తీసికొనివచ్చెను. ఒక్క యజమాని చేతిలో లోకమంతటి మాట ఉండరాదను సిద్ధాంతము మాకు నచ్చినది. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు వెలువడిన నేల మాది. ఊరికొక పత్రిక, పత్రికకొక సంపాదకుడు ఉండుటలోని గౌరవము మాకు తెలియును. ఇదియు నట్టిదే. ఇందు కేంద్రమనునది లేదు. ఎవరి సర్వరు వారిదే; ఎవరి నియమములు వారివే. ఒక సర్వరులోనివారు వేరొక సర్వరులోనివారితో మాటలాడుటకు యాక్టివిటీపబ్ అను ఒప్పందమున్నది. 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు దానిని ప్రమాణముగా ఆమోదించిరి. మమ్ము ననుసరించువారు నూటయేబదిమందికి మించరు. ఎక్కువమంది పండితులు, లిపిప్రియులు. అయినను వారు ముప్పదికి పైబడిన సర్వరులలో, అనేక దేశములలో చెదరియుండిరి.

ఆ రాత్రి తొమ్మిది గంటలవేళ, గృహిణి నిద్రించిన పిదప, ఒక శిలాశాసనపు భాగములను పంచుకొనబూనితిమి. మాస్టొడాన్‌లో ఒక పోస్టునకు సాధారణముగా నాలుగు చిత్రములు పట్టును. ఫోనులోని చిన్న చతురస్రములలో శిలయు చర్మమును ఒకే రంగున కనబడెను. పగలంతయు బడిలో అలసిన కన్ను, దీపము తగ్గించిన గది. నాలుగు చతురస్రములు నొక్కి, శాసనమునుగూర్చి నాలుగు వాక్యములు వ్రాసి, పంపి, ఫోను ప్రక్కన పెట్టితిమి. మూడవది శిల కాదు.

నలుబది నిమిషముల తరువాత ఫోను మ్రోగినది. మేమెన్నడును చూడని యొక స్త్రీ, శాసనభాషల నభ్యసించు ఆమె, మాకు మాత్రమే కనబడునట్లు రెండు వాక్యములు పంపెను. ‘మీ మూడవ చిత్రము మీరు పంపదలచినది కాదని తోచుచున్నది. నేను దానిని పెద్దదిగా తెరువలేదు. వెంటనే చూచుకొనుడు’ అని వాని సారము. చదువరులారా, ఆ రెండు వాక్యములలోని మర్యాదను మేము జీవితాంతము మరువజాలము. చూచితి ననలేదు, ఎట్లు చేసితిరని అడుగలేదు, నవ్వలేదు. తెరువలేదని చెప్పి మా మానమును తన చేతులతో కప్పెను.

చేతులు వణకగా ‘సవరించు’ అను మీటను నొక్కి మూడవ చిత్రమును తీసివేసితిమి. పోస్టులో మూడు చిత్రములే మిగిలినవి. ఊపిరి పీల్చుకొంటిమి. పదిన్నరకు పూర్వ విద్యార్థి హైదరాబాదునుండి ఫోను చేసెను. ‘సార్, మీరు సవరించితిరి గాని చెరుపలేదు. సవరణల చరిత్ర అని యొకటి యుండును. దానిని తెరచిన పాత ప్రతి చిత్రముతో సహా కనబడును. మొత్తము పోస్టునే తీసివేయుడు’ అనెను. మాస్టొడాన్‌లో సవరణ సౌకర్యము 2022లో వచ్చినది. మాట మార్చి మోసగించువారిని అరికట్టుటకు పాత ప్రతులను దాచి చూపుట దాని ధర్మము. శాసనపాఠములందు పూర్వపాఠమును దాచవలెనని వాదించు మేమే ఆ ధర్మమునకు చిక్కితిమి. వెంటనే పోస్టును తొలగించితిమి. ఖాతానే మాపివేయుదునా యని వానిని అడుగగా, ‘వలదు సార్. ఖాతా పోయినపిదప ఆ పోస్టు మీదేనని చెప్పి అడుగుటకు మీకు పేరుండదు’ అని వారించెను. అది సత్యమని మరునాడు బోధపడినది.

ఇక్కడ తొలగింపు ఎట్లు జరుగునో కొంచెము చెప్పవలెను. మనము పోస్టు పంపినపుడు మన సర్వరు ఆ వార్తను మన అనుచరులున్న సర్వరులన్నింటికి చేరవేయును. అవి మన చిత్రమునకు తమ తమ ప్రతులను తీసి తమయొద్ద నుంచుకొనును. ఎవరైన దానిని మరల పంచినచో మరికొన్ని సర్వరులకు చేరును. మనము తొలగించినపుడు మన సర్వరు తన ప్రతిని చెరిపి, తక్కిన సర్వరులకు ‘ఇది తొలగింపబడినది, మీరును తొలగింపుడు’ అని వర్తమానము పంపును. మర్యాదగల సర్వరులు తొలగించును. కాని ఆ వర్తమానము ఆజ్ఞ కాదు, వేడికోలు. ఆ వేళ మూసియున్న సర్వరుకు కొంతకాలము మరల మరల పంపి, పిమ్మట విరమించును. మన సర్వరుతో సంబంధము తెంచుకొన్నది దానిని విననే వినదు. ఒకడు తన తెరనే ఫొటో తీసి దాచుకొన్నచో ఆ వర్తమానమునకు వానితో పనియే లేదు. తొలగించిన వస్తువు స్థానమున ‘ఇచట నొకటి యుండెను, ఇపుడు లేదు’ అని గురుతు నిలుపుటకు ఆ ఒప్పందములో వీలున్నది. ఆ గురుతునకు వారిడిన పేరునకు మన భాషలో సమాధిశిల యని యర్థము. వీరగల్లులు చూచి పెరిగిన మాకు ఆ పేరు విని నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియలేదు.

ఆ రాత్రియే అనుచరుల పేర్లను వరుసగా వ్రాసికొంటిమి. ప్రతి పేరునకు వెనుక, ఇంటిపేరువలె, సర్వరు పేరుండును. ముప్పది రెండు సర్వరులు తేలినవి. సర్వరునుగూర్చిన పుటలో నిర్వాహకుని చిరునామా సాధారణముగా నుండును. ఒక్కొక్కరికి ఇంగ్లీషున ఉత్తరము వ్రాయబూనగా మొదటి వాక్యముననే చిక్కు పడినది. ఇది చూడకుడని చెప్పుటకు అది యెక్కడనున్నదో చూపవలెను గదా! చూడనివానికి చూపి, చూడకుమని వేడుట యెట్లు? విద్యార్థి చెప్పినట్లు చిత్రమును వర్ణింపక, జతపరుపక, పోస్టు చిరునామాను మాత్రమే ఇచ్చి, ‘పొరపాటున పంపబడిన ఆరోగ్యసంబంధమైన స్వంత చిత్రము, మీ నిల్వలోని ప్రతియు తొలగినదో లేదో దయచేసి చూడుడు’ అని వ్రాసితిమి. పెద్ద కంపెనీకి వ్రాసినచో యంత్రము బదులు చెప్పెడిది. ఇచట మనుష్యులు బదులు చెప్పిరి. కొందరు, మీ వర్తమానము రాగానే తొలగినది, చిత్రపు నిల్వనుకూడ శుభ్రము చేసితిమి అనిరి. జర్మనీనుండి ఒకడు, మీ ఇంటివారు త్వరగా కోలుకొందురు గాక యని చేర్చెను. వారములో ఇరువదితొమ్మిది బదులులు వచ్చినవి. ఒక సర్వరు అప్పటికే మూతపడి మా ఉత్తరము తిరిగివచ్చినది. రెండు సర్వరులవారు పలుకనే లేదు. కేంద్రము లేని వ్యవస్థలోని మేలును కీడును ఆ లెక్కలోనే యున్నవి. అడుగుటకు ముప్పదిరెండు వాకిళ్లు, తెరచినవారు మనుష్యులు, తెరువనివారిని తెరువుమనుటకు పైవాడు లేడు.

చట్టము లేదా యని అడుగుదురు. ఉన్నది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగికత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. 2021లో వెలువడినపుడు ఆ యేటి నియమములు, దేహపు రహస్యభాగములను చూపు చిత్రముపై ఆ వ్యక్తిగాని ఆ వ్యక్తి పక్షమున వేరొకరుగాని ఫిర్యాదు చేసిన ఇరువదినాలుగు గంటలలో దానిని తొలగించుటకు ఆయా వేదికలవారు చర్య తీసికొనవలెనని విధించినవి. యూరపులో 2018 మేనుండి అమలైన చట్టమున చెరిపింపగోరు హక్కు కలదు. అచటి నిర్వాహకులకు వ్రాసినపుడు దానిని పేర్కొంటిమి. పగతో ఒకరి చిత్రమును బయటపెట్టు దుర్మార్గుల విషయమున ఫిర్యాదు చేయుటకు కేంద్రప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టలు కలదు. 2021 డిసెంబరులో ఏర్పడిన స్టాప్ ఎన్‌సీఐఐ అను సేవ పెద్దలకును, 2023లో వచ్చిన టేక్ ఇట్ డౌన్ అను సేవ పదునెనిమిదేండ్లు నిండనివారి చిత్రములకును ఉపయోగపడును. చిత్రము ఫోను దాటకుండనే దాని గురుతును మాత్రము తీసికొని, చేరిన కంపెనీలకు ఇచ్చి, అచట అది కనబడిన అడ్డుకొనునట్లు చేయుట వాని పద్ధతి. ఇవన్నియు తెలిసియుండవలసినవే. కాని ఏ దేశములోనో ఒక విద్యార్థి తన గదిలో నడుపుకొను సర్వరు తలుపును ఈ చట్టములు తట్టుటకు ఎంతకాలము పట్టును?

మా అసలు పరీక్ష తెల్లవారినపిదప కలిగినది. మా తోటి ఉపాధ్యాయు డొకరికి సంగతి చెప్పగా ఆయన మేలుకోరియే, ‘ఇంట్లో చెప్పకండి సార్. పచ్చి ఒళ్లు, బెంగ పెట్టుకొందురు. తీసివేసితిరి గదా, పోయినది పోయినది’ అనెను. ఆ మాట మాకు తీయగా నుండెను. చెప్పకుండుటకు కారణములను మేమును రాత్రియే సమకూర్చుకొనియుంటిమి. కాని బడికి పోవుదారిలో ఒక ప్రశ్న కాలికి అడ్డు తగిలినది. ‘మేము’, ‘మా’ అని వ్రాయుట మాకలవాటు. మా శాసనములు, మా పోస్టు, మా పొరపాటు. ముప్పదిరెండు ఉత్తరములలోను ‘మా స్వంత చిత్రము’ అనియే వ్రాసితిమి. ఆ చిత్రము మాది కాదు. ఆమెది. తీయుటకు ఆమె సమ్మతించినది వైద్యురాలికొరకు. ఉంచుకొనుటకు సమ్మతి యడుగలేదు. పంపినది మా చేయి. ఇపుడు చెరుపుమని అడుగుటకూడ ఆమె నడుగకయే మేమే యడుగుచుంటిమి. ఆమె బెంగ పడునని కాదు, ఆమె యెదుట మేము చిన్నబోదుమనియే దాచదలచితిమని ఒప్పుకొనక తప్పలేదు.

సాయంకాలము చెప్పితిమి. ఆమె చాలసేపు గోడవైపు తిరిగి పడుకొని యుండెను. ఎందరు చూచిరని అడుగునని భయపడితిమి. ఆమె అడిగినది వేరు. ‘మీ శాసనముల ఫొటోలకు ఊరిపేరు, తేది, రాజు పేరు వ్రాసి కంప్యూటరులో అరలు కట్టితిరి గదా. నా కడుపునకు ఒక అర దొరకలేదా?’ అనెను. బదులు లేదు. పదునెనిమిదేండ్ల కాపురములో ఆమె మమ్ము అడిగిన ప్రశ్నలలో ఇంత న్యాయమైనది మరియొకటి లేదు. కొంతసేపటికి, ‘పలుకని ఆ రెండిండ్లకు నేనే వ్రాసెదను. నా పేరు పెట్టుడు. చూచితిరని తిట్టను. నాది, నాకు తిరిగి ఇయ్యుడని అడుగుదును’ అని లేచి కూర్చుండెను. ఆమె తెలుగున చెప్పగా మేము ఇంగ్లీషు చేసితిమి. మేము వ్రాసిన దానికంటె ఆ ఉత్తరము చిన్నది, సూటియైనది.

రెండు నెలలకు కోలుకొని, పొదుపు సంఘపు సమావేశమున ఆమె ఈ సంగతిని తానే చెప్పెను. మాకు తల కొట్టివేసినట్లయినది. కాని వారింప మాకేమి హక్కు? స్త్రీలు ముక్కున వ్రేలుంచుకొందురనుకొంటిమి. వారు తమ ఇండ్లలోని ఫోనులు తెచ్చి చూడసాగిరట. భర్తల ఫోనులలో తమ స్కానింగు కాగితములు, ఆధారు కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు, కాన్పు గదిలోని ఫొటోలు. పిల్లలు నీళ్లు పోసికొనుచుండగా ముద్దుకు తీసినవి. అవియన్నియు పెండ్లి ఫొటోలతోను, పత్తి బస్తాల ఫొటోలతోను కలిసి ఒకే కుప్ప. ఏది యెవరి యనుమతితో నున్నదని అడుగగా ఏ యింటను జవాబు లేకపోయినదట. ఆ నెలనుండి వారిలో కొందరు ఒక పద్ధతి పెట్టుకొనిరి. వైద్యుని కొరకు తీసినది, పని తీరినంతనే, తీయించుకొన్నవారి యెదుటనే చెరుపవలెను. ఉంచవలసినదైనచో తాళముగల వేరు అరలో నుంచవలెను. పిల్లల నగ్నచిత్రము తీయనేరాదు.

మన సంఘమున ఒక చిత్రము బయటపడినపుడు పంపినవానిని గాక, చిత్రములోనున్న స్త్రీని నిలదీయు దురాచారము పాతుకొనియున్నది. ఏల తీయనిచ్చితివందురు. ఆ ప్రశ్నకు వెరచియే ఎందరో ఆడపిల్లలు మొదటి గంటలో నోరు విప్పరు. తొలగింపునకు మొదటి గంటయే ప్రాణము. మూడు సర్వరులలో నున్నపుడు చెప్పుకొనజాలనిది ముప్పదింట చేరిన పిదప చెప్పి యేమి లాభము? కావున సిగ్గును సరియైన చోటికి మార్చుట కేవలము నీతికై కాదు, తొలగింపు పనికివచ్చుటకును అవసరము. మా బడిలో ఇపుడు పదవ తరగతి పిల్లలకు ఏటేట ఒక గంట ఈ పాఠము చెప్పుచున్నాము. పొరపాటు జరిగినచో మొదట ఎవరికైన చెప్పుడు, సవరింపక పూర్తిగా తొలగింపుడు, ఖాతాను మాపకుడు, పోస్టు చిరునామా వ్రాసికొనుడు, నిర్వాహకులకు వ్రాయుడు. అంతకంటె ముఖ్యమైన మాట వేరొకటి చెప్పుచున్నాము: ఇతరుల పొరపాటు మీ తెరపై పడినపుడు తెరువకుడు, పంచకుడు, వారికి మాత్రమే తెలుపుడు, చెరుపుడు.

ఏలయన, కేంద్రము లేని లోకమున చెరుపుట యనునది ఎవని చేతిలోను లేదు. అందరి చేతిలో నున్నది. రాజు లేనిచోట శాపమునకును బలములేదు. అచట మానమును కాపాడునది చూచువాని మర్యాదయే. ఆ రాత్రి ముప్పదిరెండు యంత్రములకు పంపిన వర్తమానముకంటె, తెరువలేదని ఆమె వ్రాసిన రెండు వాక్యములే మాకెక్కువ అభయము నిచ్చినవి.

గృహిణి గాయము మానినది. ఆ చిత్రములలో మిగిలినవానిని ఆమె మా ఫోను తీసికొని తానే చెరిపెను; మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. పలుకని ఆ రెండు సర్వరులనుండి నేటికిని ప్రత్యుత్తరము రాలేదు.